మేం పూజ మానలేదు ఫాదర్: అమెరికాలోని తెలుగు కతోలిక గురువులకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికా మేత్రాసనాల్లో సేవ చేస్తున్న మన తెలుగు గురువులకు, తెలుగు కతోలిక సంఘాలు నడిపిస్తున్న పెద్దలకు,

వందనాలు.

గత తపస్సుకాలంలో న్యూజెర్సీలో జరిగిన తెలుగు ధ్యానకూటానికి నేనూ మావారూ వచ్చాం. సిలువమార్గం అయ్యాక ప్రసంగం. మధ్యలో ఒక ఫాదర్ గారు, మనవాళ్లు కొందరు ఎపిస్కోపల్ చర్చికి (అమెరికాలోని ఆంగ్లికన్ సంఘానికి) పోతున్నారని, అక్కడైతే అడిగేవాళ్లు ఉండరని, వాళ్లు విశ్వాసం అమ్ముకుని సౌకర్యం కొనుక్కున్నారని అన్నారు. మేమెవరమో ఆయనకు తెలియదు. హాల్లో తెలిసినవాళ్లు ఉన్నారు. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి నన్ను చూసి చప్పున తలలు తిప్పేసుకున్నారు. భోజనాల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. ఎప్పుడూ నా పక్కనే కూర్చునే ఆవిడ మాత్రం ఆ పూట వేరే బల్ల దగ్గర కూర్చుంది.

ఆయన మీద ఫిర్యాదుగా ఈ ఉత్తరం రాయడం లేదు. ఆయన పేరూ రాయను. ఆయన పైకి అన్నమాట మీలో చాలామంది మనసులో ఉందని నాకు తెలుసు, అందుకే అందరికీ రాస్తున్నాను. మేం ఎందుకు వెళ్తున్నామో ఒక్కసారి మా నోటితోనే వినండి.

నాది గుంటూరు జిల్లా. ఆర్‌సీఎం గుడి, ఆర్‌సీఎం బడి. మా తాత ఉపదేశి. ఫాదర్ గారు నెలకోసారి వచ్చే రోజుల్లో ఊళ్లో జపాలు చెప్పించింది ఆయనే. ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు పోయి కొండెక్కకపోతే మా ఇంట్లో ఆ ఏడాది లెక్కలోకి రాదు. సత్యోపదేశంలో మాకు గట్టిగా నేర్పినవి రెండు. ఆదివారం పూజ మానకూడదు. పూజలో గురువు ఇచ్చే అప్పంలో, అంటే సత్ప్రసాదంలో, ఉన్నది గుర్తు కాదు, సాక్షాత్తూ ప్రభువే. నన్ను ఎపిస్కోపల్ చర్చి గుమ్మం దాకా నడిపించింది ఈ రెండో పాఠమే. మీరు నేర్పినదాన్ని అంత గట్టిగా నమ్మకపోయి ఉంటే నేను ఎక్కడికీ వెళ్లేదాన్ని కాదు. ఆదివారం పొద్దున ఇంట్లోనే కూర్చునేదాన్ని.

2003లో మా ఊరి గుడిలోనే నాకు పెళ్లయింది. 5 ఏళ్లు ఉన్నాను. ఆ 5 ఏళ్ల సంగతి ఇక్కడ రాయను, మా అమ్మ ఇంకా బతికే ఉంది. 2010లో కోర్టు విడాకులిచ్చింది. 2011లో ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాను. 2013లో మావారు పరిచయమయ్యారు. ఆయనది నంద్యాల వైపు, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం, కతోలికులు కారు. గుడిలో పెళ్లి చేసుకోవాలన్నదే ఇద్దరి కోరికా. నా మొదటి పెళ్లి చెల్లదని సంఘం తీర్పు ఇస్తే తప్ప అది కుదరదని నాకు తెలుసు, దానికి తలవంచే ఇక్కడి విచారణ (పారిష్) ఆఫీసుకు వెళ్లాను. ఆ పెళ్లి జరిగింది ఇండియాలో, మొదటి భర్త ఉండేది ఇండియాలో, సాక్షులూ అక్కడే, కాబట్టి కేసు అక్కడే వేసుకోమన్నారు. వాళ్ల తప్పు లేదు. అప్పటి నిబంధన అలాగే ఉండేది: పిటిషన్ వేసేవారు తామున్న చోట వేసుకోవాలంటే, భార్యాభర్తలిద్దరూ ఒకే పీఠాధిపతుల సమాఖ్య పరిధిలో ఉండాలి. నేను అమెరికాలో, ఆయన ఆంధ్రలో. పైగా ఒక ట్రిబ్యునల్ (సంఘ న్యాయస్థానం) తీర్పిస్తే చాలదు, రెండో ట్రిబ్యునల్ కూడా అదే మాట అనాలి. ఇండియాకు కాగితాలు పంపాను. జవాబు రాలేదు. మళ్లీ పంపాను. సెలవు పెట్టి వెళ్లి అడిగితే, వాళ్ల పెద్దలతో కూర్చుని మాట్లాడుకోమ్మా, సర్దుకుపోతే మంచిది కదా అన్నారు. సర్దుకుపోవడానికి అప్పటికి ఆయనకు ఇంకో పెళ్లయి ఇద్దరు పిల్లలు.

2014లో టౌన్‌షిప్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. ఆ రోజు నుంచి నేను సత్ప్రసాదానికి దూరం.

సత్ప్రసాదం లేకుండా పూజలో కూర్చోవడం అమెరికాలో ఎలా ఉంటుందో మీకు పీఠం దగ్గర నుంచి కనిపించదు. మా ఊరి గుడిలో చాపల మీద కూర్చుంటాం. ఎవరు లేచారో, ఎవరు లేవలేదో గమనించేవాళ్లు తక్కువ. ఇక్కడ అలా కాదు. అషర్ ఒక్కో బెంచీ దగ్గరికి వచ్చి నిలబడతాడు, బెంచీ బెంచీ మొత్తం లేచి వెళ్తుంది. వెళ్లనివాళ్లు మోకాళ్లు పక్కకు తిప్పుకుని మిగతావాళ్లకు దారి ఇవ్వాలి. ప్రతి ఆదివారం నేనూ మావారూ మోకాళ్లు తిప్పుకునేవాళ్లం. సీఎస్‌ఐ కాబట్టి ఆయన తీసుకోకూడదు, రెండో పెళ్లి కాబట్టి నేను తీసుకోకూడదు. తర్వాత ఎవరో చెప్పారు, చేతులు గుండెల మీద అడ్డంగా పెట్టుకుని వరసలో వెళ్తే దీవెన ఇస్తారని. అలా వెళ్లాను. ఏళ్ల తరబడి వెళ్లాను. ఫాదర్ గారు నా ముందున్న ఆవిడ నాలుక మీద అప్పం పెట్టి, నా దగ్గరికి వచ్చేసరికి చేయి గిన్నె మీద నుంచి తీసి నుదుటి మీద సిలువ వేసేవారు. ఆ దీవెన చిన్నదని అనను. కానీ ఆకలితో వచ్చినవాళ్లకు తల నిమిరి పంపడమే అది.

"క్రీస్తు శరీరము" అన్న మాటకు "ఆమెన్" అనకుండా గడిచిన ఆదివారాలు 200 దాటాయి. నేనే లెక్కపెట్టుకున్నాను.

2018 క్రిస్మసు రాత్రి నాకు డ్యూటీ ఆలస్యమైంది. మా విచారణలో పూజ అప్పటికే అయిపోయింది. ఇంటికి వచ్చే దారిలో ఎర్ర తలుపుల చిన్న చర్చి ఒకటుంది. వీధి చివర ఎపిస్కోపల్ సంఘం మిమ్మల్ని స్వాగతిస్తోందన్న బోర్డు రోజూ చూసేదే. 11 గంటల ఆరాధనకు వెళ్లాం. ధూపం వేశారు. గురువు తెల్లని పూజావస్త్రాల్లో ఉన్నారు, ఆమె స్త్రీ. చేతికిచ్చిన కాగితంలో, జ్ఞానస్నానం పొందిన ఎవరైనా సత్ప్రసాదం తీసుకోవచ్చని రాసి ఉంది. మా పెళ్లి ఏ గుడిలో జరిగిందని ఎవరూ అడగలేదు. బలిపీఠం ముందు కమ్మీ ఉంది, దాని దగ్గర మోకాళ్లూనాలి. చిన్నప్పుడు మా ఊళ్లో కూడా అలాంటి కమ్మీయే ఉండేది, తర్వాత తీసేశారు. మావారు నా పక్కనే మోకాళ్లూనారు. పెళ్లయ్యాక ఇద్దరం కలిసి ఒకే బల్ల దగ్గర ప్రభువును అందుకోవడం అదే మొదటిసారి. ఆ రాత్రి ఇంటికి వచ్చి అన్నం తినలేదు, తినాలనిపించలేదు.

మన సంఘ చట్టమైన కనోను ధర్మశాస్త్రంలో 844వ నిబంధన ఏమంటుందో నాకు తెలుసు. కతోలికులు మరో సంఘపు గురువు దగ్గర దివ్యసంస్కారం తీసుకోవాలంటే ఆ సంఘంలో దివ్యసంస్కారాలు చెల్లుబాటయ్యేవై ఉండాలి. ఆంగ్లికన్ గురుపట్టాభిషేకాలు పూర్తిగా చెల్లవని 13వ లియో జగద్గురువులు (పోపు) 1896లో ప్రకటించారు. ఆ ప్రకటనను రోము ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు. ఇది తెలియక వెళ్లానని మీ ముందు నటించను. కానీ అదే రోము మరో పని కూడా చేసింది. 1966 మార్చిలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ మైకేల్ రామ్సే రోముకు వెళ్లినప్పుడు 6వ పౌలు జగద్గురువులు తన వేలి పీఠాధిపతి ఉంగరం తీసి ఆయనకు ఇచ్చారు. ఆ తర్వాతి ఆర్చిబిషప్పులు జగద్గురువులను కలవడానికి వెళ్లినప్పుడు ఆ ఉంగరం పెట్టుకుని వెళ్తున్నారు. కాగితం మీద చెల్లదన్న చేతికి ఉంగరం ఎందుకు తొడిగారు? ఇది వాదన కోసం అడగడం లేదు. ఆ రెండింటి మధ్య ఉన్న చోటులోనే మేం నిలబడి ఉన్నాం.

ఎపిస్కోపల్ చర్చి అంటే పాటలు పాడి, గంటసేపు ప్రసంగం విని వచ్చే చోటు అని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. అది ఇంగ్లండు సంఘపు బిడ్డ. అమెరికా స్వతంత్రమయ్యాక ఇంగ్లండు రాజుకు విధేయత ప్రమాణం చేయడం కుదరక, శామ్యూల్ సీబరీ 1784లో స్కాట్లండులోని అబర్డీన్ వెళ్లి బిషప్పుగా అభిషేకం పొంది వచ్చారు. వాళ్ల 1979 నాటి ప్రార్థన పుస్తకం తెరిస్తే మన పూజే చాలావరకు కనిపిస్తుంది. క్షమాపణ ప్రార్థన, మహిమ గీతం, విశ్వాస సంగ్రహం, సమాధానం ఇచ్చిపుచ్చుకోవడం. పాపసంకీర్తన క్రమం కూడా ఉంది, అది తప్పనిసరి కాదంతే. ఆదివారం పఠనాలు కూడా చాలావరకు మనవే. 1969లో రోము తెచ్చిన మూడేళ్ల పఠనాల క్రమాన్ని ఆధారం చేసుకునే ప్రొటెస్టెంట్ సంఘాలు తమ ఉమ్మడి పట్టిక తయారు చేసుకున్నాయి. మా అమ్మ గుంటూరులో విన్న సువిశేషాన్నే ఎక్కువ ఆదివారాల్లో నేను ఇక్కడ వింటాను. వారం మధ్యలో ఫోనులో ఫాదర్ గారు ఏం చెప్పారని ఒకరినొకరం అడుగుతాం.

ఇంకో చిన్న సంగతి. నేను వచ్చిన ఏడాదే, 2011 నవంబరులో, అమెరికా కతోలిక పూజలో ఇంగ్లిషు జవాబులు మారాయి. "మీతోను" అనే జవాబు పోయి "మీ ఆత్మతోను" వచ్చింది. జనం కార్డులు పట్టుకుని తడబడ్డారు. మన తెలుగు పూజలో ఎప్పటినుంచో "మీ ఆత్మతోను" అనే అంటాం కాబట్టి నాకు అది సొంత మాటలా వినిపించి సంతోషించాను. తీరా ఎపిస్కోపల్ చర్చికి వెళ్తే అక్కడ పాత జవాబే ఉంది. నా పక్కన కూర్చునే ముసలాయన బోస్టన్‌లో కతోలికుడిగా పెరిగాడు. తన చిన్ననాటి మాటలు ఇక్కడే మిగిలాయంటాడు.

ఆయన వచ్చిన కారణం వేరు. 2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక గురువుల అకృత్యాలను బయటపెట్టింది. అదే ఏడాది డిసెంబరులో బోస్టన్ ఆర్చిబిషప్పు కార్డినల్ బెర్నార్డ్ లా పదవి వదులుకున్నారు. పీఠాధిపతులు కోరిన అధ్యయనమే 2004లో తేల్చింది: 1950 నుంచి 2002 దాకా 4,392 మంది గురువుల మీద పిల్లలపై లైంగిక దౌర్జన్యం ఆరోపణలు, 10,667 మంది బాధితులు. ఆయన తట్టుకోలేకపోయింది నేరాన్ని మాత్రమే కాదు, దాచిన తీరును. ఎపిస్కోపల్ సంఘంలో అలాంటివి జరగలేదని ఆయనా అనడు, నేనూ అనను, అక్కడా జరిగాయి. కానీ అక్కడ బిషప్పును ఎన్నుకునేటప్పుడు గురువులతో పాటు గృహస్థులకూ, అంటే మాలాంటి మామూలు విశ్వాసులకూ ఓటుంది. మూడేళ్లకోసారి జరిగే మహాసభలోనూ గృహస్థులు కూర్చుంటారు. అడగడానికి ఒక చోటుంటుందని ఆయన నమ్మకం. మన సంఘంలో కూడా 2023 అక్టోబరులో రోములో జరిగిన సినడులో (పీఠాధిపతుల సభలో) మొదటిసారిగా స్త్రీలు ఓటు వేశారని విన్నప్పుడు, ఆ ముసలాయన నాకంటే ముందు సంతోషించాడు.

ఇంకొకామె ఉంది. ఆమె కొడుకు మరో అబ్బాయితో జీవితం పంచుకున్నాడు. 2023 డిసెంబరులో రోము అలాంటి జంటలకు పూజాక్రమం బయట క్లుప్తమైన దీవెన ఇవ్వవచ్చంది. ఎపిస్కోపల్ సంఘం 2015లోనే పెళ్లి చేయవచ్చంది. ఈ విషయంలో మీరేమనుకుంటారో నాకు తెలుసు, ఇక్కడ తేల్చడం నా పని కాదు. ఆ తల్లి మాత్రం కొడుకును వదిలి ఒక్కతే పూజకు పోలేకపోయింది. పూజ మానేయడమూ ఆమె వల్ల కాలేదు. ఆమె దగ్గర ఇప్పటికీ జపమాల ఉంది. వేసవిలో చర్చి వెనక తోటలో కూర్చుని ఇద్దరం జపమాల చెప్పుకుంటాం, ఆమె ఇంగ్లిషులో, నేను తెలుగులో.

అక్కడ కట్టుబాట్లు లేవన్న మాటకు ఒక జవాబు చెప్పాలి. విడాకులైనవారికి మళ్లీ పెళ్లి చేయాలంటే బిషప్పు అనుమతి ఉండాలి. మొదటి భర్త లేదా భార్య, పిల్లల బాగోగుల పట్ల బాధ్యత ఉందో లేదో గురువు అడిగి తెలుసుకోవాలి. మా పెళ్లిని దీవించే ముందు మా రెక్టరుగారు, ఆ క్రిస్మసు రాత్రి చూసిన ఆవిడే, నాతో నెలల తరబడి మాట్లాడారు. ఆ 5 ఏళ్లలో ఏం జరిగిందో మొదటిసారి పూర్తిగా చెప్పుకున్నది ఆమెకే. ట్రిబ్యునల్‌కు పంపిన కాగితాల్లో కూడా రాయలేనివి చెప్పాను. ఒక ఆడమనిషి పూజావస్త్రాల్లో నా ఎదురుగా కూర్చుని వినడం వల్లే అది సాధ్యమైంది. 1974లో ఫిలడెల్ఫియాలో 11 మంది స్త్రీలు సంఘ నిబంధనను దాటి గురుపట్టాభిషేకం పొందారు. 1976లో సంఘం దారి తెరిచింది. మన దగ్గర 1994లో జాన్‌పాల్ జగద్గురువులు ఆ తలుపు మూసే ఉంటుందని రాశారు. నాకు గురువు కావాలని లేదు. కానీ మా పాపకు స్త్రీ గురువు వింత కాదు. వాళ్ల నానమ్మ ఊరిదీ అదే కథ. 2013లో సీఎస్‌ఐ నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలిత గారు బిషప్పు అయ్యారు, ఆ సంఘంలో మొదటి స్త్రీ బిషప్పు. మా అత్తగారు ఆ సంగతి చెప్పని రోజు లేదు.

మావారి సంగతి కూడా మీరు గమనించాలి. మనవాళ్లు ఎపిస్కోపల్ అంటే ఎక్కడో తెల్లవాళ్ల మతం అనుకుంటారు. డోర్నకల్ గుడి ఏమిటి మరి? 1912లో కలకత్తాలో అభిషేకం పొంది డోర్నకల్ వచ్చిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. 1947లో ఆ ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొందరు కలిసి సీఎస్‌ఐ అయ్యారు. సీఎస్‌ఐ ఈనాటికీ ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలో సభ్యురాలే. అంటే మావారికి ఎపిస్కోపల్ చర్చి అత్తారిల్లు కాదు, పుట్టిల్లు. నేను ఆయన ఇంటికి వెళ్లాను, అంతే. నా ఇంట్లో ఆయనకు చోటుండి ఉంటే ఇద్దరం అక్కడే ఉండేవాళ్లం.

అటు నుంచి ఇటు వచ్చేవాళ్లకు మన సంఘం దారి వేసిందని కూడా గుర్తు చేయాలి. భార్యాపిల్లలున్న ఎపిస్కోపల్ గురువులు కతోలికులై, భార్యతో కాపురం చేస్తూనే కతోలిక గురువులు కావడానికి 1980లోనే అనుమతి వచ్చింది. 2009లో బెనెడిక్ట్ జగద్గురువులు వాళ్లకోసం ప్రత్యేక వ్యవస్థే ఇచ్చారు, వాళ్ల ప్రార్థనలు కూడా తెచ్చుకోనిచ్చారు. 2012 నుంచి అమెరికాలో అది నడుస్తోంది. మంచిదే. వాళ్ల కోసం అంత ఆలోచించిన సంఘం, ఇటు నుంచి అటు వెళ్తున్న మా గురించి ఒక్క ప్రసంగంలో తేల్చేయడం నాకు కష్టంగా ఉంది.

ప్యూ రీసర్చ్ సెంటర్ 2023–24లో చేసిన సర్వే ప్రకారం, అమెరికాలో ఒక్కరు కొత్తగా కతోలికులవుతుంటే కతోలికులుగా పెరిగినవారిలో 8 మందికి పైగా బయటికి వెళ్తున్నారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు ఏ చర్చికీ వెళ్లరు. మాలాగా ఎపిస్కోపల్ చర్చికి వచ్చేవాళ్లు చాలా కొద్దిమంది. అసలు ఆ సంఘమే చిన్నది, దేశం మొత్తం మీద 15 లక్షల లోపే. మా చర్చిలో ఆదివారానికి 60 మంది వస్తే గొప్ప, సగం మందికి 70 ఏళ్లు దాటాయి. కతోలిక విచారణలో ఉన్నట్టు మెక్సికో వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు, నైజీరియా వాళ్లు, మనవాళ్లు కిక్కిరిసి ఉండరు. పిల్లల ఏడుపులుండవు. ఆ సందడి లేక నాకు ఎంత వెలితిగా ఉంటుందో చెప్పలేను. సౌకర్యం కోసం వెళ్లినవాళ్లు ఇలాంటి చోట ఏడాదుల తరబడి ఉండరు ఫాదర్.

వాళ్ల సంఘంలో నేనింకా చేరలేదు. చేరాలనుకుంటే బిషప్పు చేయి పట్టుకుని స్వీకరించే క్రమం ఉంది. కతోలిక సంఘంలో భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) పొందినవారికి మళ్లీ అభ్యంగనం చేయరు, అదే చాలంటారు. మా రెక్టరుగారు ఒకసారి అడిగారు. ఇంకా లేదన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

మిమ్మల్ని అడిగేవి పెద్ద కోరికలు కావు. 2015 డిసెంబరు 8 నుంచి ఆ పాత నిబంధన మారింది. ఫ్రాన్సిస్ జగద్గురువులు మార్చారు. ఇండియాలో జరిగిన పెళ్లి మీద ఇక్కడ నివాసమున్నవారు ఇక్కడే పిటిషన్ వేసుకోవచ్చు, రెండో ట్రిబ్యునల్ తీర్పు అక్కర్లేదు. ఈ సంగతి నాకు తెలిసింది 2022లో, అదీ నేనే వెతుక్కుంటే. 7 ఏళ్లపాటు ఏ ధ్యానకూటంలోనూ, ఏ తెలుగు పూజ ప్రకటనలోనూ వినలేదు. మీ దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో నాలాంటివాళ్లు ఉన్నారు, సిగ్గుపడి అడగరు. వాళ్లకు చెప్పండి. తెలుగులో రాసిన సాక్ష్యాలను ఇంగ్లిషు చేయడానికి, గుంటూరు, నెల్లూరు, ఖమ్మం నుంచి జ్ఞానస్నాన పత్రాలు తెప్పించడానికి సంఘాల్లో ఎవరికైనా బాధ్యత అప్పగించండి. ఆ పని నేను చేస్తాను, పిలిస్తే వస్తాను.

నా సంగతి వేరు. ఇప్పుడు నా మొదటి పెళ్లి చెల్లదని తీర్పు వచ్చినా, మావారు ఆ బెంచీలోనే ఒంటరిగా మోకాళ్లు పక్కకు తిప్పుకుని కూర్చోవాలి. ఆయనను అలా వదిలి నేను లేచి వెళ్లలేను. దీనికి మీ దగ్గర ఇప్పుడు జవాబు లేదని తెలుసు. లేదని చెప్పండి చాలు, మేం అమ్ముకున్నామని చెప్పకండి.

ఫిబ్రవరిలో గుణదల మాత పండుగకు తెలుగు పూజ ఉందని మెసేజ్ వచ్చింది. మేం ముగ్గురం వస్తాం. వెనక బెంచీలో కూర్చుంటాం. భోజనాలకు ఎప్పటిలాగే పులిహోర నేనే తెస్తాను, 80 మందికి సరిపడా. ఇంకా ఎక్కువ కావాలంటే వారం ముందు చెప్పండి.

మీ విచారణ బిడ్డ,
న్యూజెర్సీ